వెనక ఇరుసులో మరిగే నూనె

తిరుమల ఘాట్ వందసార్లు ఎక్కిన బండికి రేసు ట్రాకు ఒక లెక్కా అనిపిస్తుంది. లెక్కే. ఘాట్‌లో 28 నిమిషాల కన్నా ముందు పైకి చేరకూడదన్న కట్టడి ఉంది కాబట్టి డిఫరెన్షియల్ మీద, అంటే ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె మీద, పెద్ద భారం పడదు. పుత్తూరు, నగరి దాటి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకు వెళ్తే కథ వేరు, ఆ పెట్టెలోని నూనె కాగిపోతుంది.

వెనక చక్రాలు తిప్పే కార్లలో పినియన్ (ఇంజన్ వైపు నుంచి తిరిగే చిన్న గేరు) పళ్లు క్రౌన్ (చక్రాలను తిప్పే పెద్ద గేరు) పళ్ల మీద దొర్లుతూనే పక్కకు జారతాయి. ఆ రాపిడికే శక్తిలో సుమారు 4 శాతం వేడిగా మారుతుంది. సగటున 100 హార్స్‌పవర్ లాగుతుంటే అది 3 కిలోవాట్లు, అంటే మూడు ఇస్త్రీపెట్టెలు. హౌసింగ్ (గేర్ల పైపెట్టె), గేర్లు కలిపి 25 కిలోల ఇనుము, లీటరు పైచిలుకు నూనె. వేడి బయటికే పోకపోతే నిమిషానికి 13 డిగ్రీలు పెరుగుతుంది. మన మే నెల 42 డిగ్రీలతో మొదలైతే ఆరు నిమిషాల్లో 120! గాలి కొంత వేడిని లాగేస్తుంది గానీ, కారు కింద పక్కనే సైలెన్సర్ గొట్టం ఉంటే ఆ మేలూ తగ్గుతుంది. ఒక చక్రం ఊరికే జారి తిరగకుండా పట్టే ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ రకమైతే వాటి వేడి అదనం.

నూనె పలచబడితే పళ్ల మధ్య పొర తెగుతుంది. మామూలు రబ్బరు సీళ్లు 120 దాటి ఎక్కువసేపు ఉంటే గట్టిపడి కారుతాయి.

నూనెను చల్లార్చే కూలర్ కొనే ముందు, కింద నూనె దింపే డ్రెయిన్ ప్లగ్ దగ్గర సెన్సర్ పెట్టి చూడండి. చాలామందికి జీఎల్-5 రకం (ఇలాంటి గేర్లకు తగిన ప్రమాణం) 75డబ్ల్యు-140 (వేడిలోనూ చిక్కగా ఉండే గ్రేడు) సింథటిక్ నూనె, సైలెన్సర్‌కు అడ్డుగా ఒక రేకు సరిపోతాయి. లిమిటెడ్ స్లిప్ అయితే దానికి తగిన ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సరిచేసే మందు) నూనెలో ఉండాలి. ముందు నింపే ప్లగ్ విప్పాకే కింది ప్లగ్ విప్పాలి. పైది బిగుసుకుపోతే ఖాళీ హౌసింగ్‌తో ఇరుక్కుంటారు. నింపే రంధ్రం కింది అంచు దాకా పోస్తే చాలు. ఎక్కువైతే క్రౌన్ చిలికి నురగ చేస్తుంది, బ్రీదర్ అనే గాలి రంధ్రంలోంచి కక్కుతుంది.

అప్పటికీ 130 దాటుతుంటేనే పంపు, కూలర్. నూనె కింది నుంచి లాగి, జాలీ ఫిల్టర్ దాటించి, కూలర్ గుండా పినియన్ బేరింగ్ మీద పడేలా తిప్పాలి. చల్లని గేర్ నూనె జిగటకు పంపు మోటారు కాలిపోతుంది, కాబట్టి 80 డిగ్రీల దగ్గర ఆన్ అయ్యే స్విచ్ తప్పనిసరి. కూలర్‌ను గాలి తగలని మూలలో బిగిస్తే ఫ్యాన్ కూడా కావాలి.

నూనె మార్చేటప్పుడు ప్లగ్ అయస్కాంతం చూడండి. బూడిదరంగు ముద్ద మామూలే. చేతికి గుచ్చుకునే ఇనుప పెంకులు తగిలితే కొత్త నూనె పోయకుండా హౌసింగ్ విప్పించండి.