ఒకే బండికి మూడు ధరలు ఎందుకు?

చిరంజీవులైన మనుమలకు అంబాజీపేట నుండి తాతయ్య ఆశీస్సులు.

కొబ్బరికాయలు తోలడానికి మీ నాన్న చూస్తున్న అశోక్ లేలాండ్ దోస్త్ అనే చిన్న సరుకుల బండి విషయంలో, ఇంజను ఒకటే అయినప్పుడు ధరలు వేరుగా ఎందుకున్నాయని అడిగారు. 2011లో వచ్చిననాడే అది మూడు రకాలుగా వచ్చింది. మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, 1.25 టన్నులు మోసే శక్తి అప్పుడు ఆ మూడింటికీ సమానమే. ఖరీదైన రకానికి పవర్ స్టీరింగు, ఏసీ, గుడ్డ సీట్లు అదనంగా ఉండేవి.

మా చిన్నతనంలో వడ్రంగి చేసే ఎడ్లబండ్లకు కూడా ఇరుసు, చక్రాలు, కాడి ఒకే తీరుగా ఉండేవి. ధాన్యం తోలే బండికి చుట్టూ ఊచలుంటే చాలు. అంతర్వేది తీర్థానికి వెళ్లే బండికైతే పైన గూడు కట్టి, లోపల వరిగడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసేవారు. గూడు కట్టినంత మాత్రాన బండి ఒక్క బస్తా కూడా ఎక్కువ మోయదు. బరువు బండి కాలువ గట్టు మీద మలుపు తిరగవలసి వస్తే ఇంకొక మనిషి చక్రం ఆకులు పట్టి నెట్టేవాడు. ఇంజను బలంలో కొంత నూనె ఒత్తిడిగా మారి డ్రైవరు చేతికి తోడయ్యే పవర్ స్టీరింగు ఆ మనిషి వంటిదే. అయితే ఆ గూటి నీడ మా బోటి పిల్లలకే దక్కేది, బండి తోలే పాలేరు మాత్రం దారి పొడవునా ఎండలోనే కూర్చునేవాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీ నాన్న అదనంగా పెట్టే డబ్బు కాయలకు కాదు, తోలే మనిషికి చేరుతుంది. అది దుబారా అని నేననుకోను. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే, సరుకుతో కలిపి మొత్తం బరువు 3.5 టన్నులు మించే లారీల క్యాబిన్లకు ప్రభుత్వమే ఏసీ తప్పనిసరి చేసింది. ఇంతకంటే చిన్న బండ్ల విషయంలో ఆ నిర్ణయం కొనేవారిదే, కాబట్టి రోహిణి కార్తె ఎండలో ఆ సీటులో ఎవరు కూర్చుంటారో కొనేవారే ఆలోచించాలి.

షోరూముకు మీరు కూడా వెళ్లండి. పవర్ స్టీరింగు లేని, ఆగి ఉన్న బండి స్టీరింగు చక్రం నాన్న అనుమతితో ఒకసారి తిప్పి చూడండి, తరువాత పవర్ స్టీరింగు ఉన్న దాన్ని ఇంజను వేయించి తిప్పండి. తేడా మీ భుజాలకే తెలుస్తుంది. కాగితాల్లో ఉన్న మొత్తం బరువు నుండి ఖాళీ బండి బరువు తీసివేసి, ఏ రకం ఎంత మోస్తుందో మీరే లెక్క కట్టండి. మన కాయలు తోలే డ్రైవరు గారిని, ఆయనకు ఏ రకం కావాలో, ఎందుకో అడిగి నాకు రాయండి.

మీ తాతయ్య