విదిన్ జిల్లా: మంచి నేల, తాళం పడ్డ ఊళ్లు

బల్గేరియా పటంలో వాయవ్య మూల చూడండి. డాన్యూబ్ నది దేశాన్ని తాకేది అక్కడే. పడమట సెర్బియా, నది అవతల రొమేనియా, ఆ రెండింటి మధ్య 3,033 చదరపు కిలోమీటర్ల విదిన్ జిల్లా. 2001 జనగణనలో ఇక్కడ 1,30,074 మంది ఉన్నారు. 2011లో 1,01,018. 2021లో 75,408. అంటే ఇరవై ఏళ్లలో ప్రతి పది మందిలో నలుగురు లెక్కలోంచి పోయారు. ఈ ఇరవై ఏళ్లలో ఇక్కడ యుద్ధం లేదు, కరువు లేదు. చివర్లో కోవిడ్ వచ్చి చాలామంది పెద్దవాళ్లను తీసుకుపోయిన మాట నిజమే గానీ, అప్పటికే ఊళ్లు సగం ఖాళీ.

జనం వదిలేసిన చోటంటే నీళ్లు దొరకని మెట్ట నేలో, రాళ్ల గుట్టలో అనుకుంటాం. విదిన్ సంగతి సరిగ్గా దానికి తలకిందులు. మంచుయుగాల్లో నదీ మైదానాల నుంచి గాలి లేపిన సన్నని ధూళి వేల ఏళ్లపాటు ఇక్కడ పొరలు పొరలుగా పడింది. దీన్నే లోయస్ అంటారు. చేత్తో నలిపితే పిండిలా రాలుతుంది. నీటిని పట్టి ఉంచుతుంది, వేళ్లకు దారిస్తుంది. దాని మీద గడ్డి మొలిచి, కుళ్లి, మళ్లీ మొలిచి నల్లమట్టి తయారైంది. గోధుమ, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు బాగా పండుతాయి. నది ఒడ్డున నోవో సెలో ఊరి చుట్టూ గామ్జా అనే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌కు దేశంలో మంచి పేరుంది.

దక్షిణానికి పోయేకొద్దీ నేల పైకి లేస్తుంది. స్తారా ప్లానినా కొండల్లో సెర్బియా సరిహద్దు మీదున్న మిజూర్ శిఖరం ఎత్తు 2,169 మీటర్లు. దానికి కింద చుప్రెనె అడవులు. కొండకూ మైదానానికీ మధ్య బెలోగ్రాద్చిక్ రాళ్లు. ఇరవై కోట్ల సంవత్సరాలకు పైబడిన ఇసుకరాయి, గులకరాళ్ల ముద్దలు. వాటిలోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడ్డాయి; గాలి, వాన, మంచు కోసుకుంటూ పోతే మెత్తని భాగం కొట్టుకుపోయి గట్టి భాగం నిలబడింది. కొన్ని స్తంభాలు 200 మీటర్ల దాకా ఉంటాయి. ఒకదాన్ని సన్యాసిని అంటారు, ఒకదాన్ని గుర్రపు రౌతు అంటారు. నాకు మాత్రం వాటికంటే వాటి మధ్య గోడలు కట్టేసి కోట అన్న వాళ్ల తెలివే నచ్చుతుంది. రోమన్లు మొదలుపెట్టారు, ఒట్టోమన్లు పెంచారు. చాలావరకు కొండే గోడైతే ఖర్చు ఎంత కలిసొస్తుందో!

అక్కడికి దగ్గర్లోనే రాబిషా ఊరి పక్కన సున్నపురాయి కొండ కింద మాగురా గుహ ఉంది. లోపల ఏడాది పొడవునా దాదాపు 12 డిగ్రీలే. గబ్బిలాల రెట్టనే రంగుగా వాడి వేల ఏళ్ల కిందట మనుషులు గోడల మీద నాట్యం చేసే ఆడవాళ్లను, వేటగాళ్లను, జంతువులను గీశారు. అదే గుహలో ఇంకో పక్క ఇప్పుడు నురగ వైన్ సీసాలు నిల్వ పెడతారు. వైన్‌కు కావలసింది కూడా ఆ మారని చల్లదనమే.

ఇన్ని ఉన్న చోట మనుషులు ఎందుకు నిలవలేదు? నా ఉద్దేశంలో మొదటి జవాబు మట్టిలో లేదు, సరిహద్దులో ఉంది.

డాన్యూబ్ బల్గేరియాకు సుమారు 470 కిలోమీటర్ల మేర ఉత్తర హద్దు. ఆ పొడవునా 2013 దాకా ఉన్న వంతెన ఒక్కటే: 1954లో రూసెలో కట్టింది. అది విదిన్‌కు చాలా దూరం. అవతలి ఒడ్డున కాలఫాత్ పట్టణం కనబడుతూనే ఉంటుంది, పోవాలంటే ఫెర్రీ కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. పడమటి వైపు ఇంకో కథ. 1948లో, సెర్బియా అప్పుడు భాగంగా ఉన్న యుగోస్లావియాకూ బల్గేరియా ఉన్న సోవియట్ కూటమికీ చెడింది. దాంతో ఈ హద్దు శత్రువు హద్దయింది. సరిహద్దు పట్టీలో ఉన్న ఊళ్లకు బయటివాళ్లు పోవాలంటే అనుమతి పత్రం కావాల్సి వచ్చేది. కూలా, బొయినిత్సా లాంటి చోట్ల సరిహద్దు అవతల ఉన్న సంతకు వెళ్లడం పాత రోజుల మాటైపోయింది. రాజధాని సోఫియా 200 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, దారి కొండల మధ్య ఇరుకు రోడ్డు. నదికి పక్కనే ఉండి, రెండు దేశాల అంచున ఉండి, ఎటూ దారి లేని మూలగా మిగిలింది.

అయినా సోషలిస్టు ప్రభుత్వం ఉన్నన్నాళ్లు విదిన్ పట్టణంలో పని ఉండేది. పంపులు, టైర్లు, సింథటిక్ నారలు, చొక్కాలు తయారయ్యేవి. చేలను సహకార క్షేత్రాల్లో కలిపేశాక పొలం పనికి కావలసిన చేతులు తగ్గి, ఊళ్లోని కుర్రాళ్లు ఈ ఫ్యాక్టరీలకు బయలుదేరారు. ఊళ్లు ముసలివి కావడం అప్పుడే మొదలైంది. 1989 తరవాత ఫ్యాక్టరీలు ఒకటొకటిగా కూలాయి. అదే సమయంలో పక్కనే యుగోస్లావియా యుద్ధం, 1992లో ఆ దేశం మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలు, 1999లో నాటో బాంబులకు డాన్యూబ్ మీదున్న సెర్బియా నగరం నోవీ సాద్ వంతెనలు కూలి నదిలో పడవలకు దారి మూసుకుపోవడం. నది రేవు మీద బతికే పట్టణానికి ఇంతకంటే దెబ్బ ఏముంటుంది?

ఇక భూమి సంగతి. 1991 చట్టంతో సహకార క్షేత్రాల్లో కలిసిన చేలను పాత యజమానులకో, వారి వారసులకో తిరిగి ఇచ్చారు. న్యాయమైన పనే. కానీ అప్పటికి ఆ వారసులు సోఫియా అపార్ట్‌మెంట్లలో ఉన్నారు. ఒక్కొక్కరికి వచ్చింది నాలుగు చోట్ల నాలుగు ముక్కలు. వాళ్లు తిరిగి వచ్చి దున్నుతారా? కౌలుకిచ్చేశారు. ఆ ముక్కలన్నీ కలిపి వందల హెక్టార్లు చేసే పెద్ద కౌలుదార్లు వచ్చారు. ఒక కంబైన్ హార్వెస్టర్, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు చాలు. అందుకే జూలైలో ఈ జిల్లాకు వెళ్తే చేలు చూసి ఇది ఖాళీ అవుతున్న చోటని ఎవరూ అనుకోరు. పంట మామూలుగానే వస్తుంది. మనిషి అవసరమే తీరిపోయింది.

2007లో బల్గేరియా యూరోపియన్ యూనియన్‌లో చేరాక బయటి తలుపు తెరుచుకుంది. ఇటలీ, స్పెయిన్, జర్మనీ. మగవాళ్లు నిర్మాణ పనికి, ఆడవాళ్లు పెద్దవాళ్లను చూసుకునే పనికి. ఇక్కడ సొంత తల్లి ఒంటరిగా, అక్కడ వేరేవాళ్ల తల్లికి సేవ!

చాలామంది ఇక్కడే పొరపడతారు: ‘పిల్లల్ని కనడం లేదు, అందుకే తగ్గిపోతున్నారు’ అంటారు. నిజానికి ఒక్కో మహిళకు సగటు సంతానం బల్గేరియాలో ఈమధ్య 1.6, 1.8 మధ్య ఉంటోంది. ఇటలీ, స్పెయిన్‌లలో అది 1.2 దగ్గరే. తేడా అంతా ఊళ్లో ఏ వయసువాళ్లు మిగిలారన్న దాంట్లో ఉంది. ఉదాహరణకు వంద మంది ఉన్న ఊరు అనుకుందాం. అందులో అరవై మంది 65 దాటినవాళ్లు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు నలుగురు. ఆ నలుగురూ ఇద్దరేసి పిల్లల్ని కన్నా వచ్చే ఇరవై ఏళ్లలో పుట్టేది ఎనిమిది మంది. అదే ఇరవై ఏళ్లలో ఆ అరవై మందిలో ఎక్కువమంది చనిపోతారు. ఆ నలుగురిలో ఒక్కమ్మాయి మిలాన్ బస్సెక్కితే ఊరి లెక్కలో పోయేది ఒక్క మనిషి కాదు, ఆమెకు పుట్టబోయేవాళ్లు కూడా. విదిన్ జిల్లాలో ఇప్పుడు పది మందిలో సుమారు ముగ్గురు 65 దాటినవాళ్లు. జననాలకంటే మరణాలు కొన్ని రెట్లు ఎక్కువ. ఇవాళ్టి నుంచి ఒక్కరూ జిల్లా దాటకపోయినా జనాభా ఇంకా చాలా ఏళ్లు తగ్గుతూనే ఉంటుంది.

ఈ లెక్క ఊరి వీధిలో కంటికి కనబడుతుంది. బల్గేరియాలో ఎవరైనా చనిపోతే ఫొటో, పేరు, తేదీలతో ఒక కాగితం అచ్చువేసి ఇంటి తలుపుకు, బస్టాపుకు, చెట్టుకు అంటిస్తారు. నలభై రోజులు, ఆరు నెలలు, ఏడాది నిండినప్పుడు మళ్లీ అంటిస్తారు. మనుషులున్న వీధిలో పాత కాగితం మీద కొత్తది పడుతుంది. ఖాళీ వీధిలో చివరి కాగితమే ఎండకు వెలిసిపోయి అలాగే ఉంటుంది. అంటించేవాళ్లు లేరుగా.

ఇళ్లు కూలే తీరు కూడా గమనించదగ్గదే. ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటి గోడలు పచ్చి ఇటుకవి. పైన పెంకులు బాగుంటే వందేళ్లు నిలబడతాయి. శీతాకాలం మంచు బరువుకు ఒక్క పెంకు జారిందనుకోండి, మనిషి ఉంటే నిచ్చెన వేసి సర్దుతాడు. లేకపోతే ఆ కంతలోంచి నీళ్లు దూలం మీద పడి అది కుళ్లుతుంది, దూలం కుంగితే చుట్టూ పెంకులు జారతాయి, తరవాత గోడ తలకు తడి తగిలి కరగడం మొదలుపెడుతుంది. ఇక కొన్నేళ్లకే ఇల్లు మట్టి దిబ్బ, దాని మీద ముళ్లపొదలు. పశువులు మేయని బీళ్లలో పొదలు పెరిగి అడవిపందులకు, నక్కలకు చోటు దొరికింది. యూరప్‌లో బంగారు నక్కలు ఎక్కువగా ఉన్న దేశాల్లో బల్గేరియా ఒకటి.

2013 జూన్ 14న విదిన్, కాలఫాత్‌ల మధ్య డాన్యూబ్ మీద కొత్త వంతెన తెరిచారు. రోడ్డు, రైలు రెండూ ఉన్న వంతెన. 2025 జనవరి 1 నుంచి రెండు దేశాలూ షెంగెన్‌లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల కూటమిలో, పూర్తిగా చేరడంతో పాస్‌పోర్టు తనిఖీ కూడా పోయింది. ఎన్నో దశాబ్దాలుగా అడిగినవి రెండూ వచ్చాయి. వచ్చాక తేలిందేమిటంటే, లారీలు ఇప్పుడు గ్రీస్, టర్కీల నుంచి వచ్చి విదిన్ మీదుగా తిన్నగా వెళ్లిపోతున్నాయి. 2011, 2021 జనగణనల మధ్య జిల్లా నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. వంతెన ఆ మధ్యలోనే వచ్చింది. దారి బాగుపడితే జనం వస్తారని చెప్పిన నాయకులు, అదే దారిలో జనం వెళ్లడం కూడా సులువవుతుందని చెప్పలేదు.

మిగిలినవాళ్లలో సగానికి పైగా విదిన్ మున్సిపాలిటీలోనే ఉంటారు. తక్కిన పది మున్సిపాలిటీలకు ఇప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు చాలా చిన్నవి: ఇరవై మంది ముసలివాళ్లున్న ఊరికి బస్సు వారానికి ఎన్నిసార్లు, డాక్టరు ఏ రోజు, పింఛను ఎవరు తెచ్చిస్తారు. మరీ చిన్న ఊళ్లలో మేయర్ ఎన్నికే ఉండదు, మున్సిపాలిటీ ఒక ప్రతినిధిని పెడుతుంది. రొట్టెలు, సరుకులు వ్యాన్‌లో వస్తాయి. మంచు పడి రోడ్డు మూసుకుంటే రావు. అందుకే అక్టోబరులోనే కట్టెలతో పాటు పిండి కూడా నిల్వ చేసుకుంటారు.