జావా ద్వీపాన్ని విని వచ్చిన పియానో

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

మీలో కీబోర్డు నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారు, వీణ నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారు, ఏదీ నేర్చుకోకుండా పాటలు వినేవాళ్లు ఉన్నారు. చాలాకాలం మరుగున పడి ఉన్న ఒక పియానో సంగీతాన్ని మీ అందరి చేతా వినిపించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ సంగీతకారులకు తూర్పు దేశాలంటే ఎంతో మోజు. ఎడారులు, మసీదులు, నాట్యకత్తెలు, ఏనుగులు, ఏది తోస్తే దాని మీద స్వరాలు కట్టేవారు. వాళ్లలో చాలామంది ఆ దేశాల్లో అడుగు పెట్టి ఎరుగరు. వెళ్లి, చెవులారా విని వచ్చినవాళ్లు కొద్దిమందే. ఫ్రాన్సుకు చెందిన ఫెలిసియాం దవీద్ 1833లో ఓడెక్కి ఈజిప్టు వెళ్లారు, తిరిగి వచ్చాక 1836లో పియానో కోసం తూర్పు రాగాల సంపుటి అచ్చు వేయించారు. ఆ తరహా సంగీతానికి చివరి తరంలో నిలిచినవారు పియానో విద్వాంసుడు, స్వరకర్త లియొపోల్డ్ గొడోవ్స్కీ. నేను మీకు చెప్పాలనుకున్నది ఈయన గురించే.

గొడోవ్స్కీ 1870లో, ఇప్పటి లిథువేనియాలో విల్నియస్ దగ్గరి ఒక చిన్న ఊళ్లో పుట్టారు. చాలావరకు స్వయంకృషితో నేర్చుకున్న విద్య ఆయనది. పోలండ్ స్వరకర్త షోపాన్ రాసిన ఎట్యూడ్లే (వేళ్ల సాధన కోసం కట్టిన కృతులు) కష్టమని అందరూ అనుకుంటుంటే, వాటి ఆధారంగా మరింత కష్టమైనవి 53 రాశారు. వాటిలో కొన్నింటిని ఎడమ చేత్తో మాత్రమే వాయించాలి!

1923లో ఆయన ఇప్పటి ఇండోనేషియాలోని జావా వెళ్లారు. అప్పుడు ఆ ద్వీపం డచ్చివారి ఏలుబడిలో ఉంది. అక్కడి రాజాస్థానాల్లో గామెలాన్ వాద్యబృందాన్ని విన్నారు. కంచుతో చేసిన పెద్ద గంటలు, చిన్న గంటలు, సుత్తులతో కొట్టే కంచు పలకలు, మద్దెల కలిసిన బృందం అది. ఆ ప్రయాణం నుంచి పుట్టిందే 1925లో అచ్చయిన ‘జావా సూట్’. సూట్ అంటే వరుసగా వాయించే ఖండికల మాల. మూడేసి చొప్పున నాలుగు భాగాలు, మొత్తం 12 ఖండికలు. గామెలాన్‌తో మొదలై తోలుబొమ్మలు, వెన్నెల్లో బోరోబుదూర్ స్తూపం, తెల్లవారుజామున బ్రోమో అగ్నిపర్వతం, పాత బటావియా వీధులు, ఇలా సాగుతుంది. బటావియా అంటే ఇప్పటి జకార్తా.

పియానో గామెలాన్‌ను పలికించగలదా? గామెలాన్ సంగీతానికి అంతస్తులు ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద గంట ఆవర్తం ముగిసినప్పుడు మాత్రమే మోగుతుంది. మధ్యలో కంచు పలకల మీద అసలు స్వరం నిదానంగా నడుస్తుంది. పైన చిన్న వాద్యాలు అదే స్వరాన్ని రెండింతలు, నాలుగింతలు వేగంగా అల్లుకుంటూ పోతాయి. ఇరవై మంది కూర్చుని చేసే ఆ పనిని గొడోవ్స్కీ పది వేళ్లకు, ఒక పాదానికి అప్పగించారు. పాదంతో కుడి పెడల్ తొక్కితే తీగల మీది మెత్తలు లేస్తాయి. అప్పుడు కింది స్వరం గంటలా మోగుతూనే ఉంటుంది, వేళ్లు దాన్ని వదిలి పైకి పరుగెత్తవచ్చు. ఈ ఉపాయాన్ని ఆయన వాడుకున్న తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కానీ పియానోకు దొరకనిది కూడా ఉంది. గామెలాన్‌లో స్లెండ్రో అని ఐదు స్వరాల శ్రుతి ఉంది. వినగానే మనకు మోహన రాగం గుర్తు రావచ్చు, అయితే అది మోహన కాదు. దానిలో స్వరాల మధ్య దూరాలు ఇంచుమించు సమానం, కొన్ని స్వరాలు పియానో మెట్ల సందుల్లో ఉండిపోతాయి. పైగా ప్రతి బృందానికీ తన శ్రుతి తనదే. ఒక బృందం గంటను తెచ్చి ఇంకో బృందంలో కలిపితే అపస్వరమే. అందుకే గొడోవ్స్కీని వినే ముందు జావాలోని సురకర్తా లేదా యోగ్యకర్తా రాజాస్థానాల గామెలాన్‌ను ఒక్క పావుగంట వినండి. ఆయన కృతికి అసలు కర్తలు పేర్లు మిగలని ఆ కంచు వాద్యగాళ్లు కూడా అని నా నమ్మకం.

రెండో ఖండిక ‘వాయాంగ్ పూర్వా’ మీద నాకు ప్రత్యేకమైన మమకారం. వాయాంగ్ అంటే జావా తోలుబొమ్మలాట. కథలు రామాయణ భారతాలవే. దలాంగ్ అనే ఒక్క మనిషి రాముడు, రావణుడు, అర్జునుడు అందరి గొంతులూ పలుకుతూ తెల్లవార్లూ ఆడిస్తాడు, వెనక గామెలాన్ మోగుతుంటుంది. మన నిమ్మలకుంట తోలుబొమ్మల్లో రంగులు తెర మీద వెలుగుతాయి, వాళ్ల గేదెతోలు బొమ్మలకు చెక్కడపు నీడే ప్రాణం. మనకు బంగారక్క, జుట్టుపోలిగాడు నవ్వులు పంచినట్లే వాళ్లకు సెమార్, అతని కొడుకులు ఉన్నారు. యూరప్ శ్రోతకు వింతగా తోచిన ఆ ఖండికలోకి మీరు కథ తెలిసినవాళ్లుగా ప్రవేశిస్తారు.

ఇంత మంచి సంగీతం ఎందుకు మరుగున పడింది? ఇది అచ్చయ్యేనాటికి అభిరుచులు మారిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నిండైన, అలంకారాలు తొడిగిన సంగీతం పాతబడినట్లు కొత్తతరానికి తోచింది. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో గామెలాన్ విన్న ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ కొద్ది గీతలతోనే ఆ లోకాన్ని సూచించారు, ఆయనది నిలిచింది. గొడోవ్స్కీది వాయించడమూ కష్టమే. దానికి తోడు 1930లో లండన్‌లో రికార్డింగ్ చేస్తుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. మళ్లీ కచేరీ చేయలేదు. 1938లో కన్నుమూశారు. వాయించి ఒప్పించగల మనిషే వేదిక మీద లేకపోతే ఇలాంటి కృతి ఎలా బతుకుతుంది?

చాలా ఏళ్ల తర్వాత పియానిస్టులే దాన్ని మళ్లీ వెలికి తీశారు. రష్యాకు చెందిన కాన్‌స్టాంటిన్ షెర్బకోవ్ మొత్తం సూట్‌ను రికార్డు చేశారు. ఇండోనేషియాకు చెందిన ఎస్తేర్ బుదియార్జో కూడా చేశారు. ఆ దేశపు బిడ్డ చేతుల్లో ఈ సంగీతం వినడం నాకు మహా సంతోషం.

12 ఖండికలూ ఒకే బిగిలో లేవు. చివరి ఊరేగింపు నాకు మోతగా తోస్తుంది. మీరు ఎనిమిదో ఖండిక ‘బైటెన్‌జోర్గ్ తోటలు’తో మొదలుపెట్టండి. అది ఇప్పటి బోగోర్‌లో 1817లో వేసిన ఉద్యానవనం గురించి, నిడివి కొద్ది నిమిషాలే. తర్వాత ‘గామెలాన్’, ఆపైన బొమ్మలాట వినండి. స్వరలిపి మీద మన దేశంలో హక్కులు తీరిపోయాయి కాబట్టి కీబోర్డు నేర్చుకునేవాళ్లు దాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకుని, తోటల ఖండికలో మొదటి పేజీ నెమ్మదిగా ప్రయత్నించవచ్చు. ఎక్కడ వేళ్లు చిక్కుపడ్డాయో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య