ఫ్రోమెల్: గుంటలు దొరికినా తెగని పంచాయితీ

ఉత్తర ఫ్రాన్స్‌లో లీల్ నగరానికి పడమరగా ఉన్న చిన్న పల్లెటూరు ఫ్రోమెల్. అక్కడి కొత్త సైనిక శ్మశానంలో అనామక సమాధికి డీఎన్‌ఏ సాయంతో పేరు దొరికినప్పుడల్లా పాత ప్రశ్నే మళ్లీ పైకొస్తుంది: మరి దగ్గర్లోని వీసీ కార్నర్ అనే పాత సైనిక శ్మశానంలో ఉన్న 410 మంది సంగతేంటి?

మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 జులై 19న ఆస్ట్రేలియన్, బ్రిటిష్ దళాలు ఇక్కడ జర్మన్లపై దాడికి దిగాయి. ఒక్క రాత్రిలో 5,533 మంది ఆస్ట్రేలియన్లు చనిపోయారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. అసలు మలుపు ఆ రాత్రి కాదు, దాదాపు తొంభై ఏళ్ల తర్వాత వచ్చింది. మెల్‌బోర్న్‌కు చెందిన రిటైర్డ్ టీచర్ లాంబిస్ ఇంగ్లెజోస్ గల్లంతైనవారి లెక్కను సమాధుల లెక్కతో పోల్చారు. పొంతన కుదరలేదు. యుద్ధం అయ్యాక అంతా గాలించేశారు, ఇంకేమీ మిగల్లేదన్నది ఆస్ట్రేలియా సైన్యం వాదన. 2005లో నిపుణుల కమిటీ వేసింది, అదీ మరిన్ని ఆధారాలు కావాలంది.

ఆధారాలు ఎక్కడికీ పోలేదు. శత్రువుల శవాలకు గుంటలు తవ్వమంటూ 1916 జులై 21న జర్మన్ సైన్యంలోని బవేరియన్ దళం ఇచ్చిన ఉత్తర్వు జర్మనీలో భద్రంగానే ఉంది. ఫ్రోమెల్ దగ్గర ఫెజెంట్ వుడ్ అనే చిట్టడవి పక్కన ఆ గుంటలు బ్రిటిష్ విమానాలు తీసిన ఫొటోల్లో కనిపిస్తూనే ఉన్నాయి. అడిగినవాడే రుజువు తేవాలని కూర్చున్నారు కాబట్టే ఇంత ఆలస్యం.

2009లో తవ్వితే 250 మంది బయటపడ్డారు. ఒకరి దగ్గర ఫ్రీమాంటిల్ నుంచి పెర్త్‌కు తీసుకున్న రైలు టికెట్‌లో రిటర్న్ ముక్క అలాగే ఉంది. 2010లో కొత్త శ్మశానం ప్రారంభించారు. ఇప్పటికి 170 మందికి పైగా పేర్లు దొరికాయి.

వీసీ కార్నర్‌లో మాత్రం విడి సమాధి రాళ్లే లేవు. పచ్చికలో పరిచిన రెండు పెద్ద శిలువల కింద 410 మంది ఉన్నారు, ఒక్కరి పేరూ తెలియదు. గుర్తింపు కోసమే సమాధులు తవ్వబోమన్నది కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ నియమం. అప్పటికే శ్మశానంలో ఉన్నవాళ్లను కదపకూడదంటే అర్థం చేసుకోవచ్చు. కానీ 250 మంది విషయంలో పనికొచ్చిన డీఎన్‌ఏ పరీక్ష వీళ్లకెందుకు వద్దన్న ప్రశ్నకు అది జవాబు కాదు. పైగా ఆ పరీక్షకు నేరుగా తల్లి వరసలోనో తండ్రి వరసలోనో బంధువు దొరకాలి. చనిపోయినవాళ్లలో చాలామంది పెళ్లికాని కుర్రాళ్లు. అందుకే అక్కచెల్లెళ్ల కూతుళ్ల సంతానం దాకా వెతకాల్సి వస్తోంది, ఆ వరసలు ఏటా కొన్ని తెగిపోతున్నాయి.