పాడేరు నుంచి దిగొచ్చిన ఒక రక్తపు చుక్క

విశాఖలో జగదాంబ జంక్షన్ దగ్గర ఎవర్ని అడిగినా కేజీహెచ్‌కి, అదే కింగ్ జార్జ్ ఆస్పత్రికి, దారి చెప్తారు, దాన్ని ఆనుకుని నడిచే ఆంధ్ర మెడికల్ కాలేజీ గురించి అడిగితే మాత్రం "అదా, డాక్టర్లు చదువుకునేది" అని వదిలేస్తారు. 1923లో మొదలైంది, వందేళ్లు దాటింది. ఏ మెడికల్ కాలేజీలోనైనా ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, పాథాలజీ అని బోర్డులు చూస్తే ఎవరి కొట్టు వాళ్లదే అనిపిస్తుంది. చదివేవాళ్లకీ అంతే, పరీక్ష అయిందంటే ఆ సబ్జెక్టు అటకెక్కేసినట్టే.

కానీ పాడేరు వైపు ఏజెన్సీ నుంచి ఘాట్ రోడ్డు దిగి ఒక పిల్లాడు వచ్చాడనుకోండి. ఒళ్లంతా నొప్పులు, కళ్లు పచ్చగా, రక్తం బాగా తక్కువ. డౌటు సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు వంగిపోయే, అమ్మానాన్నల జీన్లతో వచ్చే జబ్బు. వాడి రక్తపు చుక్కకి ఈ బోర్డులేవీ పట్టవు.

పాథాలజీలో ఆ చుక్కని స్లైడు మీద వేసి సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి, పైన సన్నటి గాజుబిళ్ల పెట్టి, గాలి దూరకుండా అంచులు మూసేస్తారు, నెయిల్ పాలిష్‌తో కూడా పని జరిగిపోతుంది. లోపలి ఆక్సిజన్‌ని ఆ మందు లాగేసుకుంటుంది. కాసేపాగి మైక్రోస్కోపులో చూస్తే ఇందాకటిదాకా గుండ్రంగా ఉన్న కణాలు కొడవళ్లలా వంగిపోయి ఉంటాయి. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది, ఇవి 10, 20 రోజులకే పోతాయి, రక్తం నిలవకపోవడానికి కారణం అదే.

అయితే జబ్బున్నవాళ్లకీ, అమ్మానాన్నల్లో ఒకరి నుంచే జబ్బు జీన్ వచ్చి, దాన్ని మోస్తూ ఆరోగ్యంగా తిరిగేవాళ్లకీ కూడా ఈ స్లైడు ఒకేలా కనిపిస్తుంది. అప్పుడు బయోకెమిస్ట్రీ కావాలి. ఎర్ర కణంలో ఆక్సిజన్ మోసే ప్రొటీన్ హిమోగ్లోబిన్, అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన గొలుసులతో తయారవుతుంది. దాని బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ అనే పూస ఉండాల్సిన చోట వాలీన్ అనే పూస ఉంటుంది, అంతే తేడా. గ్లుటామిక్‌కి నెగెటివ్ చార్జ్ ఉంది, వాలీన్‌కి లేదు, అందుకే కరెంటు పెట్టి పరిగెత్తిస్తే సికిల్ హిమోగ్లోబిన్ వెనకబడుతుంది. రెండు గీతలు కనిపిస్తే ఒక జీన్ మోస్తున్నట్టు, వెనకబడిన గీత ఒక్కటే గట్టిగా ఉంటే దాదాపు జబ్బే.

స్టూడెంట్లు బోర్ అని నిద్రపోయే ఎస్పీఎం, అదే కమ్యూనిటీ మెడిసిన్, నా లెక్కలో అన్నిటికంటే పెద్ద పని దానిదే. ఊళ్లకెళ్లి పెళ్లికి ముందే ఎవరిలో జీన్ ఉందో చూడాలి కదా, అమ్మానాన్నలిద్దరిలో ఉంటే ప్రతి కాన్పుకీ 25 శాతం ముప్పు, మేనరికాలుంటే ఇద్దరిలోనూ ఉండే ఛాన్స్ ఇంకా ఎక్కువ. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కూడా 7 కోట్ల మందిని పరీక్షించాలనే పెట్టుకుంది.

ఇంకో విషయం, ఈ కణాలు మొదట కంటపడింది పెద్ద ప్రొఫెసర్‌కి కాదు. షికాగోలో హెరిక్ 1910లో పేపర్ రాశాడు గానీ, స్లైడులో వాటిని ముందు చూసింది ఆయన దగ్గరున్న ఐరన్స్ అనే కుర్ర ఇంటర్న్. 1948లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరుకి ఒక అనుమానం వచ్చింది, ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు మొదటి కొన్ని నెలలు బాగానే ఉంటారేంటి అని. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఇంకా మిగిలుండి కాపాడుతోందని తేలింది, దాన్ని మళ్లీ పెంచగలిగితే చాలని వెతుకుతూ పోతే హైడ్రాక్సీయూరియా అనే మందు దొరికింది. ఫార్మకాలజీ, అదే మందుల సబ్జెక్టు, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది, వార్డులో ఆ పిల్లాడి చేతిలో పెట్టేది కూడా అదే గోళీ.