ఎముక అతుకులో పగులు ఎక్కడ ఆగాలి?

చిన్న ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెడితే ఖనిజం కరిగిపోయి రబ్బరులా వంగుతుంది. అదే ఎముకను బాగా కాలిస్తే ఆకారం అలాగే ఉంటుంది కానీ నొక్కితే పొడైపోతుంది. మొదటిదాంట్లో మిగిలింది కొల్లాజెన్ అనే ప్రోటీన్, రెండోదాంట్లో మిగిలింది ఖనిజం. విడివిడిగా రెండూ మన బరువు మోయలేవు.

ఎముకలో ఏర్పడ్డ ఖాళీని పూడ్చడానికి హైడ్రాక్సీఅపటైట్ అనే సిరామిక్ వాడతారు. అది ఎముకలోని ఖనిజానికి దగ్గరి చుట్టం, అందుకే శరీరం దాన్ని బాగానే కలుపుకుంటుంది. కానీ పింగాణీ కప్పులా పగులుతుంది. పగులును తట్టుకునే గుణాన్ని మెగాపాస్కల్ రూట్ మీటర్లలో కొలుస్తారు. దట్టమైన హైడ్రాక్సీఅపటైట్‌కి అది సుమారు 1, గట్టి ఎముకకి 2 నుంచి 12 దాకా.

సిరామిక్‌లో సన్నని పగులు మొదలైతే ఒత్తిడంతా దాని మొనమీదికే చేరుతుంది, దారిలో అడ్డుకునేది ఏదీ ఉండదు. అందులో పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి, పొడవాటి గొలుసు అణువుల పదార్థం) కలిపితే, పగులు తెరుచుకునే కొద్దీ పాలిమర్ పోగులు రెండు అంచుల మధ్య కుట్టులా సాగి శక్తిని పీల్చుకుంటాయి. ఎముకలో కొల్లాజెన్ చేసే పని కూడా ఇదే.

అసలు కష్టమంతా ఆ రెండూ కలిసే హద్దు దగ్గర ఉంది. సిరామిక్ ఉపరితలానికి నీరంటే ఇష్టం, చాలా పాలిమర్లకు పడదు. పట్టు లేకపోతే రెండూ విడిపోతాయి. అందుకని సిలేన్ లాంటి రసాయనాన్ని మధ్యవర్తిగా పెడతారు. పట్టు మరీ గట్టిదైనా నష్టమే: పగులు పక్కకి మళ్లకుండా పోగును కూడా తెంపుకుంటూ నేరుగా పోతుంది. కాస్త జారనిచ్చే పట్టు కావాలి. ఈ రంగంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే విషయం ఇదే.

1980లలో లండన్‌లో పదార్థ శాస్త్రవేత్త విలియం బోన్‌ఫీల్డ్ బృందం పాలిఇథిలీన్ అనే ప్లాస్టిక్‌లో హైడ్రాక్సీఅపటైట్ కలిపి హాపెక్స్ అనే మిశ్రమాన్ని తయారుచేసింది. ఘనపరిమాణంలో 40 శాతం సిరామిక్. మధ్యచెవి ఇంప్లాంట్లకు పనికొచ్చింది కానీ, తొడ ఎముక మోసేంత భారానికి సరిపోదు.

శరీరంలో కరిగిపోయే పాలీలాక్టిక్ ఆమ్లం అనే పాలిమర్ వాడితే ఇంకో చిక్కు. అది విడిపోతూ ఆమ్లాన్ని వదులుతుంది. హైడ్రాక్సీఅపటైట్ లాంటి కాల్షియం ఫాస్ఫేట్ ఆ ఆమ్లత్వాన్ని కొంత తగ్గిస్తుంది. ఇక రక్తనాళాలు చొరబడటానికి దాదాపు 100 మైక్రోమీటర్లు, అంతకు పైబడ్డ రంధ్రాలు కావాలి. ప్రతి రంధ్రం ముక్కను బలహీనం చేస్తుంది. పలచటి పాలిమర్ పూత ఇక్కడ బాగా పనిచేస్తుంది, ఉపరితలంలోని చిన్న పగుళ్లలోకి దిగి వాటిని పట్టి ఉంచుతుంది.

తడి తగలని ముక్కను విరిచి చూపించే అంకెలను మాత్రం నేను అంతగా నమ్మను. శరీరంలో నీరు ఆ హద్దులోకి చేరి పట్టును నెమ్మదిగా వదులు చేస్తుంది. 37 డిగ్రీల ఉప్పునీటిలో వారాల తరబడి నానిన ముక్క ఎంత తట్టుకుందో ముందు చూడాలి.