తాత చెయ్యి ఎందుకు అదురుతుందంటే

అమ్మడూ, చిన్నోడా,

సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్నోడు నా ఎడమ చెయ్యి పట్టుకుని ఠక్కున వదిలేశాడు. "తాతా, నీ చేతిలో ఏదో కదులుతోంది" అని వెళ్లి వాళ్లమ్మ వెనక నిలబడ్డాడు. ఆ పూట ఇంటినిండా చుట్టాలు, అరిసెల హడావిడి, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత విజయనగరం వెళ్లాక అమ్మడు ఫోన్ చేసి, సైన్సులో శరీర వ్యవస్థలు చెబుతున్నారు తాతా, రక్తప్రసరణ వేరే, విసర్జన వేరే, శ్వాస వేరే, అన్నీ బట్టీ పట్టాలంటే టెన్షన్‌గా ఉంది అంది. ఇద్దరికీ కలిపి ఇదే జవాబు. పెద్ద ఉత్తరమే, ఒక్కరోజులో చదవక్కర్లేదు.

ముందు చెయ్యి సంగతి చెప్తాను. గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లేవి ధమనులు, తిరిగి గుండెకు చేర్చేవి సిరలు, ఇది మీకు తెలుసు. ధమనిలో రక్తం జోరుగా వస్తుంది. మధ్యలో వెంట్రుక కన్నా సన్నటి కేశనాళికల్లో దూరి వెళ్లేసరికి ఆ జోరంతా తగ్గిపోయి సిరలోకి మెల్లగా చేరుతుంది. నా కిడ్నీలు పాడయ్యాయి, వాటి పని మెషీన్‌తో చేయించుకోవాలి, అందుకని నా మణికట్టు దగ్గర డాక్టరుగారు ధమనిని నేరుగా సిరకు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు దాన్ని. వంశధార పెద్ద కాలువను తెచ్చి మన మడిలోని బోదెకు కలిపేస్తే ఏమవుతుందో ఊహించుకోండి, నీళ్లు సుళ్లు తిరుగుతాయి, బోదె వెడల్పవుతుంది. నా సిర కూడా అలాగే రెండు నెలల్లో ఉబ్బి, గోడ మందమై, చిటికెన వేలంత లావైంది. చిన్నోడి వేళ్లకు తగిలిన అదురు ఆ రక్తం సుళ్లదే. నేను రోజూ పొద్దున్న లేవగానే దాని మీద వేళ్లు పెట్టి చూసుకుంటాను. అదురు ఉంటే బాగున్నట్టు, లేకపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. కాబట్టి చిన్నోడా, అది భయపడాల్సింది కానే కాదు.

అంత లావు సిర ఎందుకు కావాలంటే, డయాలిసిస్‌కి, అంటే మెషీన్‌తో రక్తం శుభ్రం చెయ్యడానికి, రెండు పెద్ద సూదులు గుచ్చి ఒకదానిలోంచి నిమిషానికి పావు లీటరు పైగా రక్తం బయటికి లాగి, మెషీన్‌లో శుభ్రం చేసి రెండోదానిలోంచి లోపలికి పంపాలి. మామూలు సిర అంత రక్తం ఇవ్వలేదు. మెషీన్ పక్కన జానెడు పైచిలుకు గొట్టం ఒకటి నిలబెట్టి ఉంటుంది, అసలు పని దానిదే. అందులో సుమారు పదివేల సన్నటి బోలు దారాలుంటాయి. దారాల లోపల నా రక్తం, బయట శుభ్రమైన ద్రావణం. దారం గోడకు కంటికి కనపడని రంధ్రాలు, వాటిలోంచి మలినాలు ఇవతలికి వచ్చేస్తాయి, రక్తకణాలు మాత్రం పెద్దవి గనక దాటలేవు. 1943లో నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ అనే డాక్టరు, యుద్ధం నడుస్తుండగా, సాసేజీలు చుట్టే సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకి చుట్టి రోగులకి పనికొచ్చే ఇలాంటి మొదటి మెషీన్ తయారుచేశాడు. నాలుగు గంటలు ఆ కుర్చీలో పడుకుని ఆ గొట్టాన్నే చూస్తుంటాను, ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి కదా, చూపు అటే పోతుంది.

మరి ఒంట్లో ఉన్న అసలు కిడ్నీ ఎంతుంటుంది? పిడికెడు. రెండూ కలిపి మూడు వందల గ్రాములు, అంతే. పోయిన దసరాకి మాంసం కొట్టువాడిని అడిగి మేక కిడ్నీ ఒకటి తెప్పించి, నిలువునా కోసి ఎదురింటి పిల్లలకి చూపించాను. పైన నున్నగా ముదురు ఎరుపు, కోస్తే లోపల లేత రంగులో విసనకర్రలా పరుచుకున్న గీతలు, ఆ గీతలన్నీ మధ్యలో తెల్లటి గుంతలాంటి చోటుకి చేరతాయి. మూత్రం జారే దారులు అవి. మన కిడ్నీ ఒక్కోదానిలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడకట్టే సన్నటి గొట్టాలు, ఉంటాయి. గుండె నిమిషానికి ఐదు లీటర్ల రక్తం పంపిస్తే అందులో ఒక లీటరు, అంటే ఐదో వంతు, ఈ పిడికెడు కాయలకే పోతుంది. రోజంతా కలిపి వడకట్టేది 180 లీటర్లు. మీ ఇంట్లో ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఉంది చూశారా, అలాంటివి తొమ్మిది. అందులో మూత్రంగా పోయేది లీటరున్నర, ఇంచుమించు. మిగతాదంతా, పంచదార, ఉప్పు, నీళ్లు లెక్కగా చూసుకుని రక్తంలోకి తిరిగి ఇచ్చేస్తాయి. వడకట్టడం కన్నా ఈ తిరిగి ఇవ్వడమే గొప్ప పని అని నా అభిప్రాయం. పుస్తకాల్లో దీనికి ఒక్క వాక్యమే ఇస్తారు.

ఇప్పుడు అమ్మడి సంగతికి వస్తాను. నేను కూడా క్లాసులో ఒక్కో వ్యవస్థకి ఒక్కో బొమ్మ గీసి, ఒకటి పూర్తయ్యాక నల్లబల్ల తుడిచేసి ఇంకోటి మొదలుపెట్టేవాణ్ణి. అలా తుడవడం తప్పని నా ఒళ్లే నాకు నేర్పింది. ఆరేళ్ల కిందట నాకు మొదట వచ్చింది ఆయాసం. కొబ్బరితోట దాకా నడిస్తే రొప్పు వచ్చేది. ఊపిరితిత్తులేమో అనుకున్నాం. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయింది, రక్తహీనత అన్నారు, ఐరన్ మాత్రలు మింగాను, ఏమీ పెరగలేదు. ఆఖరికి కారణం కిడ్నీలో బయటపడింది. ఎర్ర రక్తకణాలు తయారయ్యేది ఎముకల మజ్జలో, కానీ తయారుచెయ్యమని మజ్జకి కబురు పంపేది కిడ్నీ. ఆ కబురు పేరు ఎరిత్రోపాయిటిన్. కిడ్నీ దెబ్బతింటే కబురు తగ్గిపోతుంది, మజ్జ చేతులు ముడుచుకుని కూర్చుంటుంది, రక్తం తగ్గుతుంది, ఆక్సిజన్ మోసేవాళ్లు లేక నాలాంటివాడికి నాలుగడుగులకే ఆయాసం. ఇప్పుడు ఆ కబురునే ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు, హిమోగ్లోబిన్ పది దాటింది.

బీపీ కూడా అంతే. ఒంట్లో ఉప్పూ నీరూ ఎంతుండాలో తేల్చేది కిడ్నీ, ఆ లెక్క తప్పితే రక్తపోటు పెరిగి గుండెకి పని ఎక్కువవుతుంది, పెరిగిన రక్తపోటు మళ్లీ కిడ్నీనే తినేస్తుంది. విటమిన్ డి ఎండ వల్ల చర్మంలో తయారైనా, కాల్షియాన్ని పేగులు పీల్చుకునేలా దాన్ని పనిలోకి దించేది కూడా కిడ్నీయే, అందుకే నాకు ఎముకలు లాగుతాయి. చర్మం, పేగు, ఎముక, మూడు పాఠాలు కదా మీ పుస్తకంలో? అమ్మడూ, బట్టీ పట్టే బదులు ఒక కాగితం మధ్యలో ఏదో ఒక అవయవం రాసి, అది ఆగిపోతే ఇంకెక్కడెక్కడ తేడా వస్తుందో గీతలు గీసుకుంటూ పో. పరీక్షలో ఏ ప్రశ్న వచ్చినా ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఇంకొకటి, మన ఉద్దానంలో చదువు రానివాళ్లు కూడా పలికే మాట ఉంది, క్రియాటినిన్. కవిటి, సోంపేట బస్సులో ఇద్దరు కలిస్తే "క్రియాటినిన్ ఎంతొచ్చింది" అనే పలకరింపు. ఇది ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? కండరాల నుంచి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 130 కిలోలు తలపైకి ఎత్తింది కదా, అలాంటి కొద్ది క్షణాల పనికి కండరం వాడుకునే నిల్వ సరుకు ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో అమెరికాలో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనుక్కున్నవాడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ సరుకు రోజూ కొంచెం కొంచెం అరిగి క్రియాటినిన్‌గా మారుతుంది, కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుంది. పెద్దవాళ్లకి రక్తంలో ఒకటికి అటూ ఇటూ ఉండాలి. నాకు మొదటిసారి చూసినప్పుడే తొమ్మిది. బాధ కలిగించే విషయం ఏమిటంటే, కిడ్నీ పని ఇంచుమించు సగం పోయేదాకా ఆ అంకె పెద్దగా పెరగదు, నొప్పి ఉండదు, వాపు ఉండదు. అందుకే మన ఊళ్లలో చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ కిడ్నీ జబ్బు మన దగ్గరే ఎందుకింత ఎక్కువ అని చిన్నోడు అడుగుతాడని తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా డాక్టర్లు నీళ్లు, నేల, పురుగుమందులు, ఎండ, వంశం అన్నీ చూస్తున్నారు, ఇదీ కారణం అని ఒక్కదాన్ని ఇంకా ఎవరూ రుజువు చెయ్యలేదు. ఎవరైనా గట్టిగా ఒక్కటే పేరు చెబితే నమ్మకండి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు, హిరమండలం రిజర్వాయరు నీళ్లు ఈ ఊళ్లకి తెచ్చారు. కారణం తేలే రోజుకి మీరు పెద్దవాళ్లయి ఆ పనిలో ఉంటే నాకు ఎంత సంతోషమో.

కారణం తేలకపోయినా తెలిసినవి కొన్ని ఉన్నాయి. ఒళ్లు నొప్పులకి, కాళ్లు లాగుతున్నాయని దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు కొనుక్కుని ఏళ్ల తరబడి మింగితే కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గుతుంది. తోటపనికి వెళ్లేవాళ్లలో ఇది చాలా ఎక్కువ, నేనూ మింగాను. మీ నాన్నకి ఈ ముక్క చదివి వినిపించండి. ఇక అమ్మడూ, స్కూల్లో బాత్రూం బాగోదని సాయంత్రం దాకా నీళ్లు ముట్టవని మీ అమ్మ చెప్పింది, నాకు నిద్రపట్టలేదు. చెమట పట్టి నీళ్లు తగ్గితే మెదడులోంచి ఒక హార్మోను కిడ్నీకి వెళ్లి నీళ్లు వదలొద్దని చెబుతుంది, అప్పుడు మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. ఆ రంగు చూస్తే నీళ్లు తాగాలని అర్థం. మూత్రం ఆపుకుని కూర్చుంటే ఇన్‌ఫెక్షన్ రావచ్చు. బాత్రూం గురించి టీచరుకి చెప్పు, సిగ్గుపడకు, మీ అమ్మని కూడా వచ్చి అడగమన్నాను.

మన చెట్టు బొండాం నాకు ఇవ్వకుండా మీకే కొట్టి ఇచ్చిందని నాయనమ్మ మీద అలిగారు కదా, ఆవిడ తప్పేం లేదు. బొండాం నీళ్లలో, పనసపండులో పొటాషియం ఎక్కువ. మీ కిడ్నీలు మిగిలింది సాయంత్రానికల్లా పంపించేస్తాయి. నాకు పోయే దారి లేక రక్తంలోనే పేరుకుంటుంది, ఎక్కువైతే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. నీళ్లు కూడా రోజుకి లీటరు, అది కూడా గ్లాసు కొలిచి. వంద కొబ్బరిచెట్లు పెంచినవాడికి ఇది కష్టమే, అలవాటైంది.

వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు చిన్నోడు నా చేతి మీద చెవి పెట్టి వినాలి. జుయ్ జుయ్ మని పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. గడియారం చూసి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టు, అమ్మడు అదే నిమిషంలో నా కుడి మణికట్టు నాడి లెక్కపెడుతుంది, రెండు అంకెలూ సరిపోతాయో లేదో, ఎందుకో కాగితం మీద రాయండి. సోమ, గురువారాలు నేను సోంపేటలో డయాలిసిస్‌కి ఉంటాను, సాయంత్రం దాకా నీరసం. మిగతా ఏ రోజైనా రండి.

మీ తాత